బయోకెమిస్ట్రీ, కణజీవశాస్త్రం గెస్ట్ లెక్చర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా డిపార్ట్‌మెంట్‌లో గెస్ట్ లెక్చర్ల పని కొన్నేళ్ళుగా నేనే చూస్తున్నాను. మాది హైదరాబాద్ కాదు, జిల్లాలో ఉన్న యూనివర్సిటీ. స్పీకర్లు రాత్రి రైలెక్కి పొద్దున్నే దిగుతారు. గెస్ట్‌హౌస్‌లో స్నానం చేసి, టిఫిన్ తిని, పదకొండింటికల్లా సెమినార్ హాల్‌కి వచ్చేస్తారు. ఒక మనిషి మన కోసం అంత దూరం వచ్చినప్పుడు ఆ రెండు గంటలూ మన పిల్లలకు దక్కాలన్నదే నా తాపత్రయం. కొత్తగా చేరినవాళ్ళూ, చుట్టుపక్కల డిగ్రీ కాలేజీల వాళ్ళూ ఏటా అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఇవే కాబట్టి, జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను.

గెస్ట్ లెక్చర్‌కీ మామూలు క్లాసుకీ తేడా ఏమిటి?

క్లాసులో మేం చెప్పేది తేలిపోయిన విషయం. అది ఎలా తేలిందో చెప్పేంత టైం మాకు సిలబస్ ఇవ్వదు. గెస్ట్ లెక్చర్‌లో వినాల్సింది ఆ రెండోదే.

ఒక ఉదాహరణ చెప్తాను. "సైక్లిన్లు ప్రతి కణ విభజన చివరా నాశనమవుతాయి" అని పుస్తకంలో ఒక లైను ఉంటుంది. సైక్లిన్లంటే కణ విభజనను నడిపే ప్రోటీన్లు. పరీక్షకు ఆ లైను చాలు. కానీ దాని వెనక 1982 వేసవి ఉంది. అమెరికాలోని వుడ్స్ హోల్‌లో టిమ్ హంట్ అనే శాస్త్రవేత్త సీ అర్చిన్ అనే సముద్రజీవి గుడ్లతో పనిచేస్తున్నాడు. ఫలదీకరణ జరిగిన గుడ్లకు రేడియోధార్మిక మెథయోనిన్ (ప్రోటీన్లలో చేరే ఒక అమైనో ఆమ్లం) ఇచ్చి, కొన్ని నిమిషాలకోసారి కొంచెం కొంచెం తీసి జెల్ మీద నడిపాడు. జెల్ మీద ప్రోటీన్లు సైజును బట్టి విడిపోయి బ్యాండ్లుగా, అంటే గీతల్లా కనిపిస్తాయి. గుడ్డు ప్రోటీన్లు తయారుచేస్తూ ఉంటుంది కాబట్టి బ్యాండ్లన్నీ పోనుపోను ముదరాలి. ఒక్క బ్యాండ్ మాత్రం ముదిరి, గుడ్డు రెండుగా చీలే వేళకు మాయమైంది. మళ్ళీ కనిపించింది, మళ్ళీ మాయమైంది. కణం తను తయారుచేసుకున్న ప్రోటీన్‌ని తనే పనిగట్టుకుని పారేస్తుందన్న ఆలోచన ఆ ఒక్క బ్యాండ్ దగ్గర మొదలైంది. ఆ బ్యాండే సైక్లిన్. 2001లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ జెల్ బొమ్మ ఒకసారి చూసినవాళ్ళు సైక్లిన్‌ని మర్చిపోవడం నేను చూడలేదు.

ఎప్పుడు, ఎక్కడ జరుగుతాయి?

సెమిస్టర్‌కి నాలుగైదు, శనివారాల్లో, డిపార్ట్‌మెంట్ సెమినార్ హాల్లో. పదకొండింటి నుంచి పన్నెండు వరకు లెక్చర్, ఆ తర్వాత గంటసేపు ప్రశ్నలు. ఇంటర్నల్స్ వారంలో పెట్టం. ఒక ఏడాది తేదీలు సరిగా చూసుకోక పెట్టేశాం. దూరం నుంచి వచ్చిన స్పీకర్ ముందు పదకొండు మంది కూర్చున్నారు. ఆవిడ ఏమీ అనుకోకుండా చక్కగా చెప్పి వెళ్ళారు గానీ, నాకు మాత్రం ఆ ఖాళీ కుర్చీలు ఇప్పటికీ గుర్తే.

బయటి కాలేజీల వాళ్ళు రావచ్చా?

రావచ్చు. డిగ్రీ పిల్లలు, బైపీసీ చదివే ఇంటర్ పిల్లలు, జూనియర్ కాలేజీ లెక్చరర్లు ఎవరైనా. ఫీజు లేదు. ఇరవై మందికి మించి వస్తుంటే మాత్రం ముందురోజు చెప్పండి, కుర్చీలు వేయించాలి.

నేను తెలుగు మీడియంలో చదివాను. ఇంగ్లీషులో చెప్తే నాకు అర్థమవుతుందా? ప్రశ్న ఎలా అడగాలి?

నన్ను అన్నిటికంటే ఎక్కువమంది అడిగేది ఇదే. చాలామంది పైకి అడగరు కూడా, ఊరికే రావడం మానేస్తారు. అందుకే కొంచెం వివరంగా చెప్తాను.

లెక్చర్ ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటుంది. ప్రశ్న తెలుగులో అడగవచ్చు. స్పీకర్‌కి తెలుగు రాకపోతే నేను పక్కనే నిలబడి చెప్తాను. ఇది మేం పెట్టుకున్న నియమం, ఎవరికో చేసే ఉపకారం కాదు.

కొన్నేళ్ళ కిందట సికిల్ సెల్ ఎనీమియా (ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) మీద లెక్చర్ పెట్టాం. స్పీకర్ ఉత్తరాది ఆయన. 1949లో లైనస్ పౌలింగ్ బృందం ఆ జబ్బున్నవాళ్ళ హీమోగ్లోబిన్ కరెంటు పెట్టినప్పుడు వేరేగా కదులుతుందని చూపించడం, ఆ తర్వాత వెర్నన్ ఇన్‌గ్రామ్ ఆ తేడా ఒక్క అమైనో ఆమ్లంలో ఉందని తేల్చడం, హీమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ ఉండటం, అన్నీ ఆయన బాగా చెప్పారు. చివర్లో ప్రశ్నలంటే హాలంతా నిశ్శబ్దం. వెనక వరసలో ఏజెన్సీ ప్రాంతం నుంచి వచ్చిన ఒక డిగ్రీ అమ్మాయి నోట్‌బుక్‌లో ఏదో రాసి, కొట్టేసి, మళ్ళీ రాస్తోంది. దగ్గరికి వెళ్ళి "ఏంటమ్మా, అడుగు" అన్నాను. ఇంగ్లీషులోకి మార్చుకోలేక అవస్థ పడుతోంది. తెలుగులోనే అడగమంటే లేచి ఇలా అడిగింది: "సార్, మా ఊళ్ళో ఒకే ఇంట్లో అన్నకీ చెల్లికీ ఇద్దరికీ ఈ జబ్బే అని రాశారు. అన్నకి నెలకోసారి నొప్పులొచ్చి పడిపోతాడు. చెల్లి మామూలుగా బడికి పోతోంది. మార్పు ఒకటే అయినప్పుడు ఇద్దరికీ ఒకేలా ఉండాలి కదా?"

నేను తర్జుమా చేసి చెప్పగానే స్పీకర్ పాయింటర్ పక్కన పెట్టేశారు. తన లెక్చర్‌లో అసలు చెప్పాల్సింది అదేనన్నారు. తల్లి కడుపులో ఉన్నప్పుడు మనకు వేరే హీమోగ్లోబిన్ ఉంటుంది. పుట్టాక నెలలు గడిచేకొద్దీ అది తగ్గిపోతుంది. కొందరిలో మాత్రం పెద్దయ్యాక కూడా కొంత మిగిలిపోతుంది. అలా మిగిలితే సికిల్ హీమోగ్లోబిన్ ఒకదానికొకటి అతుక్కుని పొడవాటి పోగులుగా మారడానికి అది అడ్డుపడుతుంది. అందుకే మార్పు ఒకటే అయినా నొప్పి ఒకేలా ఉండకపోవచ్చు. హైడ్రాక్సీయూరియా మందు చేసే పనుల్లో ముఖ్యమైనది కూడా ఈ పిండదశ హీమోగ్లోబిన్‌ని పెంచడమే. ఆ ఒక్క ప్రశ్న మీద పావుగంట మాట్లాడారు. ఆ రోజు మాకు దక్కిన మంచి విషయమంతా ఆ అమ్మాయి తెలుగు ప్రశ్న వల్లే దక్కింది.

ఇక అర్థం కావడం సంగతి. లెక్చర్‌కి రెండు రోజుల ముందు ఒక పేజీ నోట్సు తెలుగులో రాసి నోటీసు బోర్డులో పెడతాం. అందులో ఆ రోజు వినబడే పది పన్నెండు మాటలు ఉంటాయి. అవి చదువుకుని వస్తే చాలు.

వచ్చేముందు ఏం చదువుకోవాలి?

నోట్సు కాక, టాపిక్‌కి సంబంధించిన ఒక్క ప్రయోగం చదువుకుని రండి. చాప్టరంతా తిరగేయక్కర్లేదు.

ప్రోటీన్లు కణంలో ఎలా ప్రయాణిస్తాయన్న లెక్చర్ అనుకోండి. జేమీసన్, పలాడే అనే శాస్త్రవేత్తలు గినీపిగ్ క్లోమంతో చేసిన పని చదవండి. క్లోమం ముక్కలకు మూడు నిమిషాలు మాత్రమే రేడియోధార్మిక లూసిన్ (ఇదీ ఒక అమైనో ఆమ్లమే) ఇచ్చి, తర్వాత మామూలు లూసిన్‌లోకి మార్చారు. గుర్తు పడిన ప్రోటీన్ మొదట ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్‌లో, కాసేపటికి గాల్జీలో, ఇంకా తర్వాత స్రావక కణికల్లో కనిపించింది. స్టేషన్‌లో ఒక రైలు పెట్టెకి సుద్దముక్కతో గుర్తు పెట్టి, అది ఏ టైంకి ఎక్కడుందో కనుక్కున్నట్టు. ఇంత తెలిస్తే స్పీకర్ చూపించే కొత్త బొమ్మలన్నీ ఆ పద్ధతికి కొనసాగింపేనని మీకే తెలుస్తుంది.

మైటోకాండ్రియా మీద అయితే పీటర్ మిచెల్ 1961లో చెప్పిన ఆలోచన చూసి రండి. ఆహారంలోని శక్తి నేరుగా ఏటీపీ (కణం ఖర్చుపెట్టుకునే శక్తి అణువు) అయిపోదని, ముందు పొరకు ఒకవైపు ప్రోటాన్లను పోగుచేస్తుందని, అవి తిరిగి లోపలికి వచ్చేటప్పుడు ఏటీపీ తయారవుతుందని ఆయన అన్నాడు. డ్యామ్‌లో నీళ్ళు నిలబెట్టి టర్బైన్ మీదికి వదిలినట్టు. చాలాకాలం చాలామంది ఒప్పుకోలేదు. 1978లో నోబెల్ వచ్చింది. 1997లో జపాన్ శాస్త్రవేత్తలు ఏటీపీని తయారుచేసే ఎంజైము నిజంగానే గిర్రున తిరగడాన్ని సూక్ష్మదర్శినిలో చూపించారు. తిరిగే భాగానికి మెరిసే యాక్టిన్ పోగు ఒకటి అంటించారు, అది గడియారం ముల్లులా తిరిగింది. ఆ వీడియో మా దగ్గర ఉంది, అడిగితే చూపిస్తాం.

ఏయే అంశాల మీద చెప్పిస్తారు?

ఎంజైములు, పొరలు, కణ విభజన, సిగ్నలింగ్, క్యాన్సర్ ఎలాగూ ఉంటాయి. వాటితోపాటు మన నేల మీద పుట్టిన ప్రశ్న ఒక్కటైనా ప్రతి సెమిస్టర్‌లో ఉండాలని నేను పట్టుబడతాను.

జొన్న సంగతే తీసుకోండి. దక్కన్‌లో జొన్నరొట్టె, జొన్న అన్నం మీదే బతికే పేదవాళ్ళలో పెల్లాగ్రా కనిపించేది. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొట్టు లేస్తుంది, విరేచనాలు, మతి చెదరడం. నియాసిన్ అనే బి విటమిన్ లోపంతో వచ్చే జబ్బు అది. మొక్కజొన్న తినేవాళ్ళకు ఎందుకు వస్తుందో అప్పటికే తెలుసు: అందులో ట్రిప్టోఫాన్ (ఒంట్లో నియాసిన్‌గా మారే అమైనో ఆమ్లం) తక్కువ, ఉన్న నియాసిన్ ఒంటబట్టదు. జొన్నలో ట్రిప్టోఫాన్ అంత తక్కువేమీ కాదు. మరి ఎందుకు వస్తోంది? హైదరాబాద్‌లో ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థ అంటున్న చోట, సి. గోపాలన్, శ్రీకాంతయ్య 1960లో ఒక ఆలోచన ముందుకు తెచ్చారు. జొన్నలో లూసిన్ ఎక్కువ, ఆ ఎక్కువే ట్రిప్టోఫాన్ నుంచి నియాసిన్ తయారయ్యే దారిని దెబ్బతీస్తోందని. దాని మీద తర్వాత చాలా వాదన నడిచింది. ఆ వాదనతో సహా వినాలి పిల్లలు. అమైనో ఆమ్లాల మెటబాలిజం చాప్టర్ బట్టీ కొట్టేవాళ్ళకి అది తమ తాతమ్మ కంచం గురించిన చాప్టర్ అని తెలిసిన రోజున చదివే తీరే మారిపోతుంది.

ఏటా మొదటి లెక్చర్ ఎల్లాప్రగడ సుబ్బారావు గారి మీదే ఎందుకు?

ఎందుకంటే మీరు మొదటి సెమిస్టర్ ప్రాక్టికల్స్‌లో ఆయన పద్ధతే చేస్తారు, చాలామందికి ఆ సంగతే తెలియదు. రికార్డులో "ఫిస్కే సుబ్బారో మెథడ్" అని హెడ్డింగ్ రాసుకుంటారు. ఆ "సుబ్బారో" భీమవరంలో పుట్టిన మనిషని చెప్తే ఏటా ఒకరిద్దరు తలెత్తి చూస్తారు.

ఆ ప్రయోగం ఒకసారి మళ్ళీ గుర్తు తెచ్చుకోండి. టెస్ట్‌ట్యూబులో ఫాస్ఫేట్ ఉన్న ద్రావణం. ఆమ్లంలో కలిపిన అమ్మోనియం మాలిబ్డేట్ పోస్తారు. ఏమీ జరిగినట్టు కనిపించదు. ఆ తర్వాత రంగు తెప్పించే ఆన్సా రియేజెంట్ కొద్దిగా. కాసేపటికి నీలం మొదలవుతుంది. మొదట నీళ్ళలో పడ్డ ఇంకు చుక్కలా పల్చగా ఉండి, చూస్తుండగానే చిక్కబడుతుంది. ఫాస్ఫరస్ ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. రంగు చిక్కదనాన్ని కొలిచే కలరీమీటర్‌లో పెట్టి రీడింగ్ తీసుకుంటారు. ఇంతే. 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ప్రచురించిన పద్ధతి ఇది.

ఇప్పుడు దాని పర్యవసానం చూడండి. ఆ నీలం రంగు ఆధారంగానే కండరంలో ఫాస్ఫరస్‌ని కొలుస్తూ పోతే, అంతవరకు ఎవరూ లెక్కలోకి తీసుకోని పదార్థం ఒకటి దొరికింది. అది ఫాస్ఫోక్రియాటిన్, 1927లో ప్రకటించారు. ఆ తర్వాత ఏటీపీ. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా 1929లో దాన్నే విడిగా కనుక్కున్నాడు. కండరం కదలడానికి లాక్టిక్ ఆమ్లమే కారణమని అంతకుముందు చెప్పుకుంటున్న సిద్ధాంతానికి ఇక్కడే గండి పడింది. మనం ఏ పాఠంలో ఏటీపీ అన్నా, వెనక ఆ నీలం ట్యూబు ఉంది.

హార్వర్డ్‌లో ఆయనకు పర్మినెంట్ ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్ళారు. అక్కడ ఆయన నడిపించిన బృందమే ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఈ కథకి మనవైపు ఇంకో కొస ఉంది: అంతకు చాలా ముందే, 1930 ప్రాంతంలో, బొంబాయి మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనత ఈస్ట్ సారంతో తగ్గుతోందని లూసీ విల్స్ అనే బ్రిటిష్ డాక్టర్ గమనించింది. ఆ సారంలో ఉన్నది ఫోలిక్ ఆమ్లమేనని తర్వాత తేలింది. ఇప్పుడు మన పీహెచ్‌సీలో గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండేది అదే. లెడర్లీ బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కాస్త మార్చి, కణాన్ని మోసం చేసేలా చేసిన అమైనోప్టెరిన్‌ని సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ రక్తక్యాన్సర్ పిల్లలకు వాడి 1948లో ఫలితాలు ప్రకటించాడు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఇప్పటికీ ఆస్పత్రుల్లో వాడుకలో ఉంది. బోదకాలుకి మన ఊళ్ళల్లో ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్ర కూడా సుబ్బారావు గారి ఆధ్వర్యంలో వచ్చిందే. ఆయన 1948లో, యాభై మూడేళ్ళకే పోయారు.

ఏటా చెప్పిందే చెప్తున్నామని సీనియర్లు విసుక్కుంటారు. విసుక్కున్నా మానను.

నేను నెట్ పరీక్షకి ప్రిపేరవుతున్నాను. ఇది టైం వేస్ట్ కాదా?

సీఎస్‌ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ పేపర్ 200 మార్కులకు. అందులో పార్ట్ సీ ఒక్కటే 100. 75 ప్రశ్నల్లో 25 రాయాలి, ఒక్కోదానికి 4 మార్కులు. ఆ ప్రశ్నలు ఎలా ఉంటాయో పాత పేపర్లు తీసి చూడండి. ఒక ప్రయోగం చెప్పి, గ్రాఫో జెల్లో ఇచ్చి, దీన్నిబట్టి ఏం చెప్పగలవు అంటారు. కోచింగ్ మెటీరియల్ బట్టీ కొట్టినవాళ్ళు బోల్తాపడేది అక్కడే. సెమిస్టర్‌కి నాలుగు లెక్చర్లంటే నాలుగు శనివారాల పొద్దున. అంత టైం దీనికి పెట్టండి.

లెక్చర్ మొదలైన ఇరవై నిమిషాలకే ఏమీ అర్థం కాకుండా పోతుంది. అప్పుడేం చేయాలి?

అది మీ ఒక్కరికే కాదు, మాకూ అవుతుంది. స్పీకర్ తన సొంత పనిలోకి దిగగానే అందరూ కొంత వెనకబడతారు. అప్పుడు మాటలు పట్టుకోవడానికి ప్రయత్నించకండి, బొమ్మను పట్టుకోండి. అడ్డగీత మీద ఏముంది, నిలువుగీత మీద ఏముంది? కంట్రోల్ (పోల్చడానికి ఏ మార్పూ చేయకుండా ఉంచిన నమూనా) ఏది? కంట్రోల్‌కీ పక్కదానికీ తేడా ఎంత? ఈ మూడూ చూస్తే స్పీకర్ చెప్పబోయే వాక్యం సగం మీకే తెలిసిపోతుంది. అదీ కుదరకపోతే అర్థం కాని మాట ఒక్కటి నోట్‌బుక్‌లో రాసుకోండి. మధ్యాహ్నం అన్నం తిన్నాక మా రీసెర్చ్ స్కాలర్లు అరగంట మీతో కూర్చుంటారు, అప్పుడు అడగండి.

ప్రశ్న అడగాలంటే టెన్షన్. నా ప్రశ్న తెలివితక్కువదైతే?

నేను ఎమ్మెస్సీలో ఉండగా ఒక పెద్దాయన లెక్చర్‌కి వెళ్ళాను. లైసోజోమ్ అనే కణభాగంలో అన్నిటినీ కరిగించే ఎంజైములున్నప్పుడు దాని పొరను అవెందుకు కరిగించవు అని నాకు అనుమానం వచ్చింది. ఇంత చిన్న ప్రశ్నా అంటారేమోనని నోరు మెదపలేదు. చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది, ఆ పొర లోపలివైపు ప్రోటీన్లకు దట్టంగా చక్కెర గొలుసులు కప్పి ఉంటాయని, అవి కవచంలా కాపాడతాయని. అది చిన్న ప్రశ్న కాదు. ఆ రోజు అడిగి ఉంటే ఆ పెద్దాయన నోట వినేవాణ్ణి. ఇప్పుడు ఆయన లేరు.

నోరు పెగలకపోతే చీటీ మీద రాసి ఇవ్వండి, పేరు అక్కర్లేదు. నేను చదువుతాను.

స్పీకర్‌ని ప్రాజెక్టు గురించి అడగవచ్చా?

అడగవచ్చు. లెక్చర్ అయిన వెంటనే చుట్టుముట్టి "సార్, మీ ల్యాబ్‌లో ఇంటర్న్‌షిప్ ఇప్పించండి" అనకండి. రెండు రోజులాగి మెయిల్ రాయండి. అందులో ఆయన చూపించిన ఏ ఫలితం మీకు నచ్చిందో, దాని మీద మీకు వచ్చిన అనుమానమేమిటో నాలుగు లైన్లు ఉండాలి. మీరు ప్రాక్టికల్స్‌లో చేతులారా చేసిన పనులు రాయండి. మూడు జాతీయ సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ ఫెలోషిప్‌కి అందరూ అప్లై చేయండి. ఫారం నింపడంలో సాయం కావాలంటే నా గదికి రండి.

వీడియో తీయవచ్చా? స్లైడ్ల ఫొటోలు?

వద్దు. చాలామంది ఇంకా అచ్చు కాని ఫలితాలు చూపిస్తారు. ఒక స్కాలర్ మూడు నాలుగేళ్ళ కష్టం ఆ స్లైడులో ఉంటుంది. అది వాట్సాప్‌లో తిరగకూడదు. స్పీకర్ ఒప్పుకున్న లెక్చర్లను మేమే రికార్డు చేసి లైబ్రరీలో పెడతాం.

అటెండెన్స్, సర్టిఫికెట్ ఇస్తారా?

మా పిల్లలకు అటెండెన్స్ ఉంది. బయటివాళ్ళు అడిగితే సర్టిఫికెట్ ఇస్తాం.

పెద్ద శాస్త్రవేత్తలనే పిలుస్తారా?

లేదు. మా దగ్గర బాగా గుర్తుండిపోయిన లెక్చర్లలో ఒకటి జిల్లా ఆస్పత్రి ల్యాబ్ టెక్నీషియన్ చెప్పింది. ఆయన మా పాత విద్యార్థే. రెండు రక్తం ట్యూబులు తెచ్చారు. ఒకదానిలో పైన తేరిన సీరం లేత పసుపు, రెండోదానిలో ఎర్రగా. రెండూ ఒకే మనిషివి. రెండోది తీసేటప్పుడు సిరంజి గట్టిగా లాగడంతో ఎర్రకణాలు పగిలాయి. ఎర్రకణం లోపల పొటాషియం బయటి ప్లాస్మా కంటే ఇరవై రెట్లకు పైగా ఎక్కువ. కణం పగిలితే అదంతా బయటికొస్తుంది, రిపోర్టులో పొటాషియం ప్రమాదకరంగా ఎక్కువని వస్తుంది, లేని జబ్బుకి డాక్టర్ కంగారుపడతాడు. పొటాషియంని కణం లోపల ఎక్కువగా నిలిపి ఉంచే సోడియం పొటాషియం పంపు గురించి నేను మూడు క్లాసుల్లో చెప్పినదాన్ని ఆయన రెండు ట్యూబులతో చూపించేశారు. మీకు తెలిసినవాళ్ళలో ఇలాంటివాళ్ళు ఉంటే చెప్పండి, పిలుస్తాం.

స్పీకర్‌కి శాలువా, బొకే ఉంటాయా?

మానేశాం. సన్మానం, పరిచయం, వందన సమర్పణ కలిసి నలభై నిమిషాలు తినేసేవి, కోత పడేది ప్రశ్నల టైంకే. ఇప్పుడు పరిచయం రెండు నిమిషాలు. వెళ్ళేటప్పుడు ఆ రోజు వచ్చిన చీటీలన్నీ, టైం చాలక అడగలేకపోయిన వాటితో సహా, ఒక కవరులో పెట్టి ఇస్తాం. కొందరు రైల్లో కూర్చుని జవాబులు రాసి పంపుతారు. అవి నోటీసు బోర్డులో, మీ చీటీ పక్కనే పెడుతున్నాం.